మెయిల్‌బాక్సులు మూసే స్క్రిప్ట్: నడిపే ముందు చూసుకోవాల్సినవి

నెలాఖరుకు హెచ్‌ఆర్ నుంచి ఎక్సెల్ ఒకటి వస్తుంది, ఉద్యోగం మానేసిన వాళ్ల పేర్లతో. అడ్మిన్ పేజీలో ఒక్కొక్కరినీ వెతికి మూస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్‌కు కమాండ్లు కొట్టే షెల్‌లో అయితే ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలకు ముందు నేను అరగంట ఆగుతాను. హన్మకొండలో ఇంటి నుంచే సర్వర్లు చూసుకునే నాకు ఆ అరగంట విలువ బాగా తెలుసు. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, షెల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు పేర్ల సంగతి. మన దగ్గర ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు వెనక రాస్తారు, ఇంకొకరు పొడి అక్షరంతో సరిపెడతారు. ఒకసారి లిస్టులో ‘కె. శ్రీనివాస్’ అని ఉంది. మానేసిన ఆయన మా సిస్టమ్‌లో పూర్తి ఇంటిపేరుతో ఉన్నారు. అచ్చం ‘కె. శ్రీనివాస్’ అని ఉన్నది స్టోర్స్‌లో పనిచేస్తున్న వేరే ఆయన. స్క్రిప్ట్ ఆయన మెయిల్‌బాక్స్ మూసేసింది. నేను కాజీపేటలో రైలెక్కాను, జనగామ దాటుతుండగా ఫోన్. “మేడమ్, పొద్దున్నుంచి నా మెయిల్ తెరుచుకుంటలేదు.” ఆ సాయంత్రమే ఆయన టెండర్ గడువు. మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చునే దాకా నాకు ఒకటే టెన్షన్. అప్పటి నుంచి మెయిల్ అడ్రస్ కాలమ్ లేని లిస్టును వెనక్కి పంపిస్తున్నాను.

లిస్టును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసి ఇంపోర్ట్-సీఎస్‌వీతో తెచ్చుకోండి. అడ్రస్ చివర స్పేస్ మిగిలిపోతే ట్రిమ్ చేయండి. ఖాళీ వరుసలను వేర్-ఆబ్జెక్ట్‌తో తప్పకుండా తీసేయండి. ఖాళీ వరుస వల్ల ఎవరిదో చెప్పకుండా గెట్-మెయిల్‌బాక్స్ నడిస్తే అది అందరివీ (మామూలుగా వెయ్యి దాకా) ఇస్తుంది. దాని వెనకాలే మూసే కమాండ్ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా.

మూయడానికి వాడాల్సింది డిజేబుల్-మెయిల్‌బాక్స్. రిమూవ్-మెయిల్‌బాక్స్ యాక్టివ్ డైరెక్టరీలోని (ఆఫీసు లాగిన్‌లన్నీ ఉండే చోటు) యూజర్ అకౌంట్‌ను కూడా తీసేస్తుంది.

డిజేబుల్ చేసినా అకౌంట్ మీది ఎక్స్ఛేంజ్ వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. శ్రీనివాస్ గారి మెయిల్‌బాక్స్‌ను కనెక్ట్-మెయిల్‌బాక్స్‌తో అరగంటలో తిరిగి తగిలించాను, మెయిళ్లన్నీ ఉన్నాయి. కానీ ఆయన పాత అదనపు అడ్రసులు పోయాయి. ఆఫీసు వాళ్లు ఆయన పాత మెయిళ్లకు రిప్లై ఇస్తే తిరిగొచ్చేవి. ఔట్‌లుక్ లోపల అడ్రస్‌గా వాడే లెగసీఎక్స్ఛేంజ్‌డీఎన్ మారిపోవడమే కారణం. పాత విలువను ఎక్స్500 అనే రకం అదనపు అడ్రస్‌గా ఆయన మెయిల్‌బాక్స్‌కు చేర్చాక గానీ సర్దుకోలేదు. ఆ పాత విలువ కోసం నేను ఎంత వెతికానో! అందుకే ఇప్పుడు మూసే ముందే లిస్టులోని ప్రతి ఒక్కరి ఈమెయిల్‌అడ్రసెస్, లెగసీఎక్స్ఛేంజ్‌డీఎన్, డేటాబేస్ పేరు ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీతో దాచుకుంటాను. అడ్రసులు ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి కాబట్టి -జాయిన్‌తో ఒకే టెక్స్ట్‌గా కలపండి. లేకపోతే ఫైల్‌లో అడ్రసుల బదులు ఏదో టైపు పేరు పడుతుంది. ఫైల్ తెరిచి కళ్లతో చూశాకే ముందుకు వెళ్లండి.

ఇక స్టార్ట్-ట్రాన్స్‌క్రిప్ట్ కొట్టండి, తెర మీద కనిపించేదంతా ఫైల్‌లోకి వెళ్తుంది. మూసే కమాండ్ చివర -వాట్‌ఇఫ్ తగిలించి నడిపితే ఏం చేయబోతుందో చెప్తుంది, ఏమీ చేయదు. ఆ పేర్లను హెచ్‌ఆర్ లిస్టు పక్కన పెట్టుకుని వరుసగా చదవండి. తర్వాత -వాట్‌ఇఫ్ తీసేసి ఇద్దరివే మూయండి. అంతా బాగుంటే మిగతావి. ‘నిజంగా మూయాలా’ అని ప్రతిసారీ అడుగుతోందని -కన్ఫర్మ్‌ను ఫాల్స్ చేసే అలవాటు ఉంటే, దాన్ని ఈ చివరి విడతకే ఉంచుకోండి.

మూసిన మెయిల్‌బాక్స్ డేటాబేస్‌లో మామూలుగా 30 రోజులు ఉంటుంది. మీ దగ్గర ఎవరైనా ఆ రోజులు తగ్గించారేమో గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్‌లో మెయిల్‌బాక్స్‌రిటెన్షన్ విలువ చూసుకోండి. నేను దాచిన సీఎస్‌వీని కూడా కనీసం అన్ని రోజులు తీసేయను.