జపనీస్ నేర్చుకుందాం – 14వ భాగం: యత్సురెరు

పోయిన భాగంలో యసెరు చూశాం కదా, సన్నబడటం. డైటింగ్ చేసి తగ్గినా యసెరే, జ్వరమొచ్చి తగ్గినా యసెరే. ఈసారి యత్సురెరు. దీనికి బరువుతో కంటే మనిషి వాలకంతో పని ఎక్కువ. జబ్బో, నిద్రలేమో, బెంగో, విపరీతమైన చాకిరీయో మనిషిని పీల్చేసి, బుగ్గలు లోపలికి పోయి, కళ్లు గుంటలు పడి, చూడగానే "అయ్యో" అనిపించేలా ఉంటే అప్పుడు వాడే మాట ఇది. మనం మొహం పీక్కుపోయింది అంటామే, దానికి బాగా దగ్గర.

దీనికి కంజీ (చైనా నుంచి వచ్చిన బొమ్మలాంటి అక్షరం) ఉంది కానీ అది జోయో కంజీ పట్టికలో, అంటే రోజువారీ వాడకానికి ప్రభుత్వం ఇచ్చిన జాబితాలో లేదు, మామూలుగా హిరగానాలోనే (పలికే శబ్దాన్ని రాసే లిపి) రాస్తారు, కాబట్టి దాని జోలికి పోవద్దు. ఇచిదాన్ (మూలం మారని రకం) క్రియే, రు తీసేసి మిగతావి తగిలించడమే: యత్సురెనై (చిక్కడు), యత్సురెత (చిక్కాడు), యత్సురెతె (చిక్కి).

కారణం చెప్పాలంటే దె పెట్టండి, మన "తో" లాగే. షింపై దె యత్సురెత, బెంగతో చిక్కిపోయాడు. ఇక తెలుగువాళ్లకి భలే కలిసొచ్చేది షిమట్త. చిక్కాడు అనకుండా చిక్కి"పోయాడు" అంటాం కదా, ఆ "పోయాడు"లో ఉన్న అయ్యో పాపం అంతా షిమట్తలో ఉంటుంది:

హహ వ కంబ్యో దె యత్సురెతె షిమట్త.
(రోగికి సేవ చేసీ చేసీ అమ్మ చిక్కిపోయింది.)

ఒక్కచోట మాత్రం తెలుగు అడ్డొస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి ఇప్పుడెలా ఉన్నాడో చెప్పడానికి కూడా మనం చిక్కిపోయాడు అనే అంటాం, జపనీస్‌లో ఆ స్థితికి యత్సురెతె ఇరు అనాలి. ఉత్త యత్సురెరు అంటే ఇకముందు చిక్కిపోతాడు అన్నట్టు వినిపిస్తుంది. చూడ్డానికి అలా ఉన్నాడు అనాలంటే యత్సురెతె మిఎరు. పీక్కుపోయిన మొహం, యత్సురెత కఒ.

ఇప్పుడు అసలు సంగతి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన ఇళ్లల్లో చాలారోజులకి కనబడిన పిల్లాణ్ణి "ఏంట్రా ఇలా చిక్కిపోయావ్" అనడం ప్రేమ, అనకపోతేనే వెలితి. అదే అలవాటుతో జపాన్‌లో ఆఫీసు సీనియర్‌తో యత్సురెమషిత నె అన్నారనుకోండి, మీ మొహంలో కళ తప్పింది అని ముఖాన్నే చెప్పినట్టవుతుంది. యసెత నె అంటే కొందరు పొగడ్తగా తీసుకుంటారు, ఇది పొగడ్తగా ఎప్పటికీ వినిపించదు. పెద్దవాళ్ల దగ్గర ఒత్సుకరె నొ యో దెస్ గ (అలసిపోయినట్టున్నారు) అని ఆపేయండి, వాళ్లే చెప్పుకుంటారు. బాగా దగ్గర స్నేహితుడైతే సుకొషి యత్సురెతె మిఎరు కెదొ, దైజోబు? అని అడగొచ్చు, ఆ చివరి దైజోబు మాత్రం మరవద్దు, కొంచెం పీక్కుపోయినట్టున్నావ్ అన్నాక "బానే ఉన్నావా" అని అడిగేది అదే.

వచ్చే భాగానికి ఈ రెండూ జపనీస్‌లో రాసి ఉంచుకోండి: "జబ్బుతో చిక్కిపోయాడు", "అన్నయ్య మొహం పీక్కుపోయి ఉంది". జబ్బుకి "బ్యోకి", మన అన్నయ్యకి జపనీస్ మాట "అని". రెండోదాంట్లో యత్సురెత అని ఆపేయకుండా చూసుకోండి.