పొద్దున జూ, సాయంత్రం పాకాల: హన్మకొండ నుంచి ఒక్క రోజులో

హంటర్ రోడ్డులోని కాకతీయ జూకి గేటు తెరిచేసరికి చేరాలి. ఎండెక్కితే చిరుత నీడన పడుకుంటుంది, ఎలుగుబంటి లోపలికి పోతుంది. పదకొండింటికి వెళ్లినవాళ్లే "ఏమీ కనబడలేదు" అంటారు. వారపు సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి. రెండు గంటలు చాలు.

అక్కడి నుంచి నర్సంపేట మీదుగా పాకాల చెరువు దాదాపు 50 కిలోమీటర్లు. నర్సంపేట దాకా బస్సులు బాగానే ఉంటాయి, ఆ పైన ఆటోనే. తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి, లేకుంటే చీకటిపడ్డాక అడవి రోడ్డు మీద ఇరుక్కుంటారు. పెట్రోలు, తాగునీళ్లు, సద్ది నర్సంపేటలోనే చూసుకోవాలి.

పాకాల చెరువు కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటిది. మూడున్నర తర్వాత కట్ట మీద కూర్చుంటే పిట్టలు బాగా కనిపిస్తాయి, చలికాలమైతే వలస పక్షులు కూడా. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. అంతకంటే పెద్దదైతే చేతిలో వణుకుతుంది. మొసళ్లున్న నీళ్లు, కాళ్లు కడగడానికి కూడా దిగొద్దు. తిండి కవరు చేతిలో కనబడితే కోతులు వదలవు, సంచిలో దాచండి.

పొదలో ఒంటరి జింకపిల్ల కనిపిస్తే అనాథ అనుకుని ఎత్తుకోకండి. తల్లే దాచి మేతకు పోయి ఉంటుంది. మనుషులు దగ్గరలో ఉన్నంతసేపూ అది తిరిగి రాదు. దూరం జరగండి. గాయమైతేనే అటవీ సిబ్బందికి చెప్పండి, పాలు మాత్రం పట్టొద్దు.