కొట్టిన వేపచెట్టుతో పలకలు కోయించే ముందు

ఇంట్లో వేపచెట్టు కొట్టించాల్సి వస్తే దుంగల్ని నెలల తరబడి ఎండలో పడేయకండి. ఆరుతుందిలే అనుకుంటాం గానీ, బెరడుతో ఉన్న దుంగ లోపల పచ్చిగానే ఉండి, కొసలు మాత్రం గబగబా ఆరిపోయి నక్షత్రంలా పగిలిపోతాయి. అందుకే కొట్టిన రోజే రెండు కొసలకీ ఇంట్లో మిగిలిన ఆయిల్ పెయింట్ మందంగా పూసేసి, వీలైనంత త్వరగా సామిల్లుకి తోలేయండి. మేకులు ముందే పీకించండి, బట్టలారేసే తీగ కోసం ఎప్పుడో కొట్టినవి మా చెట్టులో 3 దొరికాయి, రంపం పళ్లు పోతే మిల్లువాళ్లు ఊరుకోరు. అంగుళం పలక కావాలంటే అంగుళంపావు కోయించండి, ఆరితే తగ్గుతుంది, మళ్లీ చిత్రిక పట్టాలి కదా.

పలకల్ని నీడలో, గాలాడే చోట, జానెడు ఎత్తున ఇటుకల మీద పేర్చి, వరసకీ వరసకీ మధ్య అడుగున్నరకొక బద్ద పెట్టండి. కింది బద్దకి సరిగ్గా పైనే పై బద్ద రావాలి, అక్కడ తేడా వస్తే పలక వంకర పోతుంది. పైన బరువు పెట్టండి.

ఎన్నాళ్లంటారా? ఒక పలక మీద సుద్దతో గుర్తు పెట్టి నెలకోసారి తూయండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే. వానాకాలంలో ఆగితే మాత్రం నమ్మొద్దు.