పడవలో మంచినీటి పంపు గోల ఇలా తగ్గింది

మేం కాపురముండే పడవలో ఎవరు చేయి కడిగినా 12 వోల్టుల పంపు టకటకమంటూ మొదలవడం, ఆగడం, మళ్లీ మొదలవడం. రాత్రిళ్లు మరీ చిరాకు. కొత్త పంపు కొనమన్నారు, దండగనిపించింది. పంపు దాటాక పైపుకు చిన్న అక్యుములేటర్ ట్యాంకు బిగించాను. అంటే లోపల ఒకవైపు గాలి, ఒకవైపు నీళ్లు ఉండే డబ్బా; ఆ గాలి నెట్టుడుకే పంపు తిరక్కుండా కాసిన్ని నీళ్లు వస్తాయి.

కిటుకంతా దాని గాలిలోనే ఉంది. పంపు ఆపి, కుళాయిలు తెరిచి, నీటి ఒత్తిడి పూర్తిగా పోయాకే గాలి కొట్టాలి. టైర్లకు వాడే పంపు చాలు. మా పంపు 25 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఆన్ అవుతుంది, కాబట్టి గాలి దానికి కాస్త తక్కువగా 22 ఉంచాను. పంపుకు ముందు జాలీ ఫిల్టర్ కూడా పెట్టాను, మడ్డి వాల్వుల్లో ఇరుక్కోకుండా.

ఇప్పుడు గ్లాసు నీళ్లు పట్టినా పంపు పలకదు. కుళాయిలన్నీ కట్టేసినా అప్పుడప్పుడూ తిరుగుతుంటే మాత్రం ఎక్కడో లీకు, లేదా పంపు లోపలి వాల్వు. ముందు పైపు క్లిప్పులు తడిమి చూడండి.