మన ఊరి చట్టం మనమే రాద్దాం - మూడో పాఠం: సంతకాల లెక్క

కాలిఫోర్నియా నగరాల్లో ఓటర్లే ఒక చట్టం రాసి, సంతకాలు సేకరించి నగరం ముందు పెట్టే ఇనిషియేటివ్ పిటిషన్ గురించి మనం నేర్చుకుంటున్నాం. పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ సిటీ క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగమన్నాను. మన సిటీకి సొంత ఛార్టర్ (నగరం తనకు తాను రాసుకున్న మూల చట్టం) ఉందా, లేక రాష్ట్ర చట్టం ప్రకారమే నడుస్తుందా? తాజా లెక్క ప్రకారం ఊళ్లో రిజిస్టర్డ్ ఓటర్లు ఎంతమంది? అడగకపోయి ఉంటే ఇక్కడే ఆగి ముందు ఆ ఫోన్ చేయండి. ఇవాళ్టి లెక్కంతా ఆ రెండు జవాబుల మీదే నిలబడుతుంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం, ఇంతవరకు జరిగింది. ఆర్డినెన్స్ (నగర చట్టం) ముసాయిదా మనమే రాశాం. ఒకరు మొదలుకొని ముగ్గురి దాకా ప్రతిపాదకులు నోటీసు మీద సంతకం చేసి, దాన్ని క్లర్కుకు ఇచ్చారు. ఫీజు 200 డాలర్లు దాటదు. నోటీసు ఇచ్చిన ఏడాదిలోగా పిటిషన్‌కు సంతకాలు సరిపోయాయని తేలితే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. సిటీ అటార్నీ (నగరం తరఫు లాయరు) 15 రోజుల్లో శీర్షిక, 500 పదాలు మించని సారాంశం రాసిచ్చారు. వాటిని పత్రికలో ప్రకటించాం. ఆ సారాంశం మన చేతికి వచ్చిన రోజు నుంచి 180 రోజులు. ఆలోగా సంతకాలన్నీ ఒకేసారి దాఖలు చేయాలి. ఆ తర్వాత "ఇంకో రెండు కాగితాలు మిగిలాయండీ" అంటే తీసుకోరు.

మనవాళ్లలో చాలామంది తడబడేది ఇక్కడే. ఇండియాలో మన దగ్గర కలెక్టరుకు అర్జీ ఇస్తాం. దాని మీద వెయ్యి సంతకాలుంటే బలం, రెండు వేలుంటే ఇంకా బలం. ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు. ఇంటిల్లిపాదికీ ఒక్కరే సంతకం పెట్టేసినా అడిగేవాడుండడు. ఆ అలవాటుతో ఇక్కడ కాగితం పట్టుకుని బయల్దేరితే ఆరు నెలల కష్టం బూడిదలో పోసినట్టే. ఇనిషియేటివ్ పిటిషన్ అర్జీ కాదు. సరిపడా సంతకాలు తేలితే సిటీ కౌన్సిల్ మన ఆర్డినెన్స్‌ను ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించాలి, లేదా ఓటర్ల ముందు పెట్టాలి. అంత శక్తి ఉన్న కాగితం కాబట్టే ప్రతి సంతకాన్నీ ఓటులా తూకం వేస్తారు.

ఇక లెక్క. సొంత ఛార్టర్ లేని నగరాల్లో రిజిస్టర్డ్ ఓటర్లలో 10 శాతం మంది సంతకాలు కావాలి. ఛార్టర్ ఉన్న నగరమైతే శాతం వేరుగా ఉండొచ్చు. ఛార్టర్ తెరిచి అందులో ఇనిషియేటివ్ భాగం చదవండి, పక్క ఊరివాళ్లు చెప్పిన అంకె నమ్మకండి. ఒక ఊళ్లో 60,000 మంది ఓటర్లున్నారనుకుందాం. కావలసింది 6,000 సంతకాలు. అంటే 6,000 తెస్తే చాలా? చాలదు. చెల్లనివి ఎప్పుడూ ఉంటాయి. నాలుగింట ఒకటి పోతుందనుకుని మొదలుపెట్టడం నా పద్ధతి. ఆ లెక్కన 8,000. ఇదీ చాలదంటాను. ఎందుకో చూడండి.

500 కంటే ఎక్కువ సంతకాలుంటే అధికారులు అన్నీ చూడనక్కరలేదు, సాంపిల్ తీయొచ్చు. 500 గానీ మొత్తంలో 3 శాతం గానీ, ఏది ఎక్కువైతే అన్ని. 8,000లో 3 శాతం అంటే 240, కాబట్టి 500 తీస్తారు. ప్రతి సంతకం వెనక పదహారు ఉన్నట్టు లెక్క. 500లో 375 చెల్లాయంటే మొత్తంలో 6,000 చెల్లినట్టు. సరిగ్గా గీత మీద ఉన్నాం. సాంపిల్ ఫలితం అవసరమైన సంఖ్యలో 95 నుంచి 110 శాతం మధ్య వస్తే మొత్తం 8,000 ఒక్కొక్కటీ చూస్తారు. 95కి తగ్గితే అక్కడితో ఆట కట్టు. 110 దాటితే నేరుగా నెగ్గినట్టే.

అదే 9,000 ఇచ్చారనుకోండి. ఒక్కో సంతకం వెనక పద్దెనిమిది. అదే 375 చెల్లితే 6,750. 110 శాతం అంటే 6,600, దాటేశాం. పూర్తి లెక్క లేదు, టెన్షన్ లేదు. ఆ పైన తెచ్చిన వెయ్యి చేసే మేలు ఇది.

ఒకే మనిషి రెండుసార్లు సంతకం పెట్టడం మాత్రం అన్నిటికంటే ప్రమాదం. చిన్న సాంపిల్‌లోనే జంట దొరికిందంటే మొత్తంలో అలాంటివి ఇంకెన్నో ఉంటాయని లెక్కగట్టి కోత వేస్తారు. "ఇంతకుముందు ఈ పిటిషన్ మీద పెట్టారా?" అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి. గుడిలో పెట్టినాయన వారం తిరక్కుండా పార్కులో కనిపించి, మొహమాటానికి మళ్లీ పెడతాడు.

ఎవరు పెట్టొచ్చు? ఆ నగరంలో ఓటరుగా నమోదైనవాళ్లు మాత్రమే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల సంతకం చెల్లదు, పౌరసత్వం వచ్చి ఓటరుగా నమోదు కానివాళ్లదీ చెల్లదు. నేను మొదటిసారి కాగితం పట్టుకున్నప్పుడు ఒక శనివారం పొద్దున్నే రైతు బజారు దగ్గర నిలబడి నలభై రెండు సంతకాలు తెచ్చాను. ఇంటికొచ్చి చిరునామాలు చూసుకుంటే సగానికి సగం పక్క ఊరివి. వీధికి అటు ఒక సిటీ, ఇటు ఒక సిటీ అయినచోట ఇది తప్పదు. అప్పటినుంచి "మీరు ఈ సిటీలోనే ఓటు వేస్తారా?" అని అడిగాకే పెన్ను ఇస్తున్నాను.

పేరు, ఇంటి చిరునామా, సంతకం, మూడూ ఓటరే స్వయంగా రాయాలి. పోస్టు బాక్సు నంబరు పనికిరాదు. "మా ఆయన ఇంట్లో లేరు, ఆయనది కూడా నేను పెట్టేస్తా" అంటారు మన ఆడపడుచులు. నవ్వుతూనే వద్దనండి, సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పండి. ఓటరు నమోదు అప్పుడు ఎలా సంతకం చేశారో అలాగే చేయమనండి. మనవాళ్లకు పాస్‌పోర్టులో ఒక సంతకం, బ్యాంకులో ఒకటి ఉంటాయి, అందుకే చెప్పడం.

సంతకాలు సేకరించడానికి ఓటరై ఉండనక్కరలేదు. ఆ ఊళ్లో ఉండాలనీ లేదు. 18 ఏళ్లు నిండితే చాలు. గ్రీన్ కార్డు ఉన్న బావగారు సంతకం పెట్టలేకపోయినా కాగితం పట్టుకుని తిరగొచ్చు. అయితే ప్రతి కాగితం చివర సేకరించినవారి డిక్లరేషన్ ఉంటుంది. తన పేరు, చిరునామా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సేకరించారో సొంత చేతిరాతతో నింపి, ప్రతి సంతకం తన కళ్లముందే జరిగిందని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అబద్ధమైతే నేరం. ఇది ఖాళీగా ఉంటే మంచి సంతకాలు కూడా కాగితంతో పాటే పోవచ్చు. కాబట్టి ఇండియన్ గ్రోసరీ కౌంటరు మీద కాగితం వదిలేసి, వారం తర్వాత పోయి తెచ్చుకునే పద్ధతి వద్దు. చూడని సంతకానికి ప్రమాణం ఎలా చేస్తారు?

మనుషుల లెక్క కూడా వేసుకోండి. గంటకు పది వస్తాయనుకుంటే 9,000కు 900 గంటలు. 180 రోజుల్లో వారాంతాలు ఓ పాతిక. అంటే తొమ్మిది మంది ప్రతి వారాంతం తలా నాలుగు గంటలు. కాగితం మీద సులువే. కానీ వేసవిలో సగం మంది ఇండియాలో ఉంటారు, మిగిలినవాళ్లకు పిల్లల ఆటలు, పెళ్లిళ్లు. పదిహేను మంది పేర్లు ఖాయం కాకుండా నోటీసు దాఖలు చేయొద్దు. గడియారం మొదలయ్యాక ఆపేవాళ్లు లేరు.

ఇదంతా మామూలు మనుషుల వల్ల అవుతుందా అన్న అనుమానం వస్తే శాన్ హోసే చూడండి. అక్కడి స్టేట్ యూనివర్సిటీలో స్కాట్ మైయర్స్-లిప్టన్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ క్లాసులో విద్యార్థుల ఆలోచనగా మొదలైంది. గంటకు 8 డాలర్లున్న కనీస వేతనం నగరంలో 10 కావాలన్నారు. కార్మిక సంఘాలు, సేవా సంస్థలు తోడయ్యాయి. సంతకాలు తెచ్చారు. 2012 నవంబరులో మెజర్ డి పేరుతో ఓటర్లు నెగ్గించారు, 2013 మార్చి నుంచి 10 డాలర్లు అమలైంది. శాన్ హోసేది సొంత ఛార్టర్, కాబట్టి వాళ్ల శాతం మీ ఊరికి వాడకండి.

ఈ వారం పని. మీ ఊరి ఓటర్ల సంఖ్య పైన 60,000 ఉన్నచోట పెట్టి లెక్కంతా మళ్లీ వేయండి. ఎన్ని దాఖలు చేస్తే 75 శాతం చెల్లుబాటుతో సాంపిల్‌లోనే గట్టెక్కుతారో కనుక్కోండి. తర్వాత ఖాళీ కాగితం మీద మీ ఇంట్లోవాళ్ల చేత, పక్కింటివాళ్ల చేత పది ఉత్తుత్తి సంతకాలు పెట్టించి, ఎన్ని చెల్లుతాయో మీరే క్లర్కులా కూర్చుని కొట్టేయండి. నాలుగో పాఠంలో కాగితాల పెట్టె క్లర్కు బల్ల మీద పెట్టాక కౌన్సిల్ ముందుండే దారులు చూద్దాం.