చిన్నప్పుడు వణికించిన సినిమాను మళ్లీ ఎలా చూడాలి?

చిన్నప్పుడు ఒకే ఒక్కసారి చూసి, పేరు కూడా మర్చిపోయినా, ఇన్నేళ్లుగా వెంటాడుతున్న సినిమా మీకూ ఒకటి ఉండే ఉంటుంది. కథ గుర్తుండదు. ఒక మెట్ల వరస, ఒక మొహం, ఎక్కడినుంచో వినపడే వాద్యం, అంతే. నా సినిమాను నేను ఎనిమిదేళ్లప్పుడు, రాత్రిపూట టీవీలో, సగం నుంచి చూశాను. ఖాళీ ఇల్లు, గోడ గడియారం చప్పుడు, దానంతట అదే తెరుచుకునే కిటికీ, అందులోంచి లోపలికి వచ్చే చెయ్యి. పెద్దయ్యాక దాన్ని వెతికి పట్టుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇలాంటి సినిమా దొరికిందే చాలని ఆత్రంగా చూసేస్తే, అంతకాలం మనసులో ఉన్న సినిమా చెరిగిపోతుంది. రెండూ మిగలాలంటే ఒక వరసలో వెళ్లాలి.

1. వెతకడానికి ముందే రాసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. చాలామంది వదిలేసేదీ ఇదే. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కొందరు విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్ము చూపించారు. కార్లు ‘తగిలినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని 50 మందిని, ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని మరో 50 మందిని అడిగారు. వారం తర్వాత, పగిలిన అద్దం కనపడిందా అని అడిగితే మొదటి గుంపులో 7 మంది, రెండో గుంపులో 16 మంది కనపడిందన్నారు. ఆ ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. అడిగిన మాట ఒక్కటి మారితే జ్ఞాపకం అంత మారింది. మరి మీరు నాలుగు కథాసారాంశాలు చదివి, పది పోస్టర్లు చూశాక మీ జ్ఞాపకం ఎలా ఉంటుందో ఆలోచించండి.

అందుకే ముందు కాగితం తీసుకోండి. గుర్తున్న దృశ్యాలు, శబ్దాలు, రంగులు రాయండి. ఎక్కడ కళ్లు మూసుకున్నారో రాయండి. తర్వాత సినిమా వదిలేసి ఆ గదిని రాయండి: ఎక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు, లైటు వేసి ఉందా, సినిమా అయ్యాక ఎలా పడుకున్నారు. కచ్చితంగా తెలిసినవాటి కింద గీత గీయండి. మధ్యలో ఖాళీలు ఉంటే ఉండనివ్వండి, కథ అల్లి పూడ్చకండి. చివర తేదీ వేయండి.

2. కథతో కాదు, దృశ్యంతో వెతకండి

‘దెయ్యం ఉన్న ఇల్లు’ అని వెతికితే వేల సినిమాలొస్తాయి. ‘ఆగిపోయిన గోడ గడియారం, తెల్ల కర్టెన్, ఒంటరి ముసలావిడ’ అని వెతికితే గాలింపు దగ్గరపడుతుంది. మూడు విషయాల్లో మాత్రం జాగ్రత్త. మీరు విన్న భాష డబ్బింగ్ కావచ్చు. మీ టీవీ బ్లాక్ అండ్ వైట్‌దైతే సినిమా రంగుల్లోదే కావచ్చు. మీరు చూసిన ఏడుకీ, సినిమా వచ్చిన ఏడుకీ మధ్య ఇరవై ముప్ఫై ఏళ్ల తేడా ఉండొచ్చు. ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ 1962లో విడుదలైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత రాత్రిపూట టీవీలో పదేపదే వేయడం వల్లే అది జనం మనసుల్లో నిలిచింది.

ఎంత వెతికినా దొరకకపోతే, మీది రెండు సినిమాలు కలిసిపోయిన జ్ఞాపకమేమో చూడండి. కాగితాన్ని రెండు ముక్కలు చేసి దేనికదే వెతకండి. దొరికినప్పుడు ట్రైలరు, క్లిప్పులు చూడకండి. పేరు ఖాయం చేసుకోవడానికి ఒక్క ఫొటో చాలు.

3. ఏ ప్రింటు చూడాలో తేల్చుకోండి

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ప్రపంచంలో చాలా దేశాల టీవీ పద్ధతి సెకనుకు 25. అక్కడ సినిమాను కాస్త వేగంగా నడిపేసేవారు. 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోయేది, గొంతులూ సంగీతమూ కొంచెం పైశ్రుతిలో వినపడేవి. మీకు గుర్తున్న పాట ఇప్పుడు ‘కిందకి దిగినట్టు’ అనిపిస్తే మీ చెవి తప్పు కాదు.

బొమ్మ సంగతి ఇంకా పెద్దది. ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పున్న (2.35:1) సినిమాను, వెడల్పూ ఎత్తూ 4:3 లెక్కలో ఉండే పాత టీవీ నిండా పట్టించాలంటే వెడల్పులో 40 శాతానికి పైగా కోసేయాలి. ఒకావిడ ఎవరితోనో మాట్లాడుతుంటుంది, ఆ ఎవరో మనకు కనపడరు. పిల్లలకు ఒళ్లు జలదరించడానికి అది చాలు. కొత్త కాపీలో ఆ మనిషి మామూలుగా పక్కనే నిలబడి ఉంటాడు. ఆ భయం దర్శకుడు పెట్టింది కాదు, కత్తెర పెట్టింది.

కాబట్టి వీలైతే మొదట పాత టీవీ కాపీ లాంటిదే చూడండి, శుభ్రం చేసిన పూర్తి వెడల్పు కాపీ తర్వాత చూడండి.

4. చూసే రాత్రి

మొదటిసారి ఒంటరిగా గానీ, ఆనాడు పక్కనున్న మనిషితో గానీ చూడండి. కొత్తవాళ్లను పిలిస్తే వాళ్లు మేకప్ చూసి నవ్వుతారు, మీరు సినిమాను సమర్థించడంలోనే ఉండిపోతారు. ఫోన్ దూరంగా పెట్టండి. మధ్యలో ఆపకండి. మొదటి అరగంట నెమ్మదిగా నడిస్తే విసుక్కోకండి, చిన్నప్పుడు మీకూ అలాగే నడిచి ఉంటుంది. రెండోసారి చూసేటప్పుడు భయపెట్టిన ఆ ఒక్క సీనును మ్యూట్‌లో పెట్టండి. భయం బొమ్మలో ఉందో, శబ్దంలో ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఒక మాట. చూస్తుంటే సినిమా కన్నా ఆ రోజుల్లో ఇంట్లో జరిగిన ఏదో కష్టం ముందుకొస్తోందంటే అక్కడితో ఆపేయండి. మీకు నచ్చినవాళ్లతో దాని గురించి మాట్లాడాక, పగటిపూట మిగతాది చూడొచ్చు.

5. కాగితాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి

తప్పుగా గుర్తున్నవాటిని కొట్టేయకండి. అవి ఎక్కడినుంచి వచ్చాయో వెతకండి. నా సినిమాలో కిటికీ ఉంది, గడియారం ఉంది. కర్టెన్ ఒకసారి కదులుతుంది, గడియారం చప్పుడు ఆగుతుంది, అంతే. చెయ్యి లేదు. వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను, లేదు.

నా కాగితంలో ‘పక్కన అక్క’ అని ఉంది. ఫోన్ చేసి అడిగాను. అక్కకు సినిమా ఏమాత్రం గుర్తులేదు. ‘కిటికీ అనగానే నువ్వు వణికిపోయావురా, నీ కళ్లు మూద్దామని చెయ్యి అడ్డం పెట్టాను’ అంది. ఆ కాగితం మీద ‘చెయ్యి’ అన్న మాటను అలాగే ఉంచి, పక్కన అక్క పేరు రాశాను.