కారు మీటర్‌లో బయటి ఉష్ణోగ్రత తప్పు చూపిస్తుంటే: సమస్య - పరిష్కారం

ఈ సమస్య రాగానే చాలామంది చేసే పని బయటి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్‌ను కొత్తది కొనడం. చాలా కార్లలో అసలు సెన్సర్ బాగానే ఉంటుంది. అది ఉండాల్సిన చోట లేకపోవడమో, దాని వైరులో లోపమో అసలు కారణం అవుతుంది. అందుకే విప్పడం మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గమనించండి: అంకె ఎక్కువ చూపిస్తోందా, తక్కువ చూపిస్తోందా? సగం రోగ నిర్ధారణ అక్కడే అయిపోతుంది.

ఎందుకంటే చాలా కార్లలో ఈ సెన్సర్ రెండు వైర్ల థర్మిస్టర్. వేడి పెరిగితే దాని రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం) తగ్గుతుంది, చలి పెరిగితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. కంట్రోల్ మాడ్యూల్ (కారులోని చిన్న కంప్యూటర్) దానికి సాధారణంగా 5 వోల్టుల సిగ్నల్ పంపి, ఎంత వోల్టేజ్ మిగిలిందో చూసి డిగ్రీలు లెక్క కడుతుంది. కాబట్టి వైరు తెగితే మాడ్యూల్‌కు అది భయంకరమైన చలి. రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలితే భయంకరమైన వేడి.

ముందు, లోపం కానివి పక్కన పెట్టండి

వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో, నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో కొలిచింది. కారు సెన్సర్ ఉండేది తారురోడ్డుకు జానెడు, మూరెడు ఎత్తున, బంపర్ వెనక. మిట్టమధ్యాహ్నం ఫోన్‌లో 38, కారులో 42 కనిపిస్తే కారును తప్పుపట్టక్కర్లేదు. ఎండలో నిలిపిన కారు స్టార్ట్ చేయగానే ఇంకా ఎక్కువ చూపించినా అంతే. సరిపోల్చాలంటే తెల్లవారుజామున, రాత్రంతా నీడలో ఉన్న కారుతోనే సరిపోల్చాలి. అప్పుడు ఒకటి రెండు డిగ్రీల తేడాను పట్టించుకోకండి.

సమస్య: ట్రాఫిక్‌లో పెరిగిపోతుంది, రోడ్డు మీద వేగంగా వెళ్తే సర్దుకుంటుంది

కారణం: కారు ఆగినప్పుడు రేడియేటర్, ఏసీ కండెన్సర్ (ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే జాలీ) వేడి ముందుకు కమ్ముతుంది. సెన్సర్ ఆ వేడినే కొలుస్తుంది. దీన్ని సర్దడానికే చాలామంది తయారీదారులు సాఫ్ట్‌వేర్‌లో ఒక అడ్డు పెడతారు: కారు కొంత వేగం అందుకుని, ఆ వేగంలో కాసేపు నడిస్తేనే అంకె పైకి కదులుతుంది. తగ్గడం మాత్రం వెంటనే జరుగుతుంది. ఇంజిన్ వేడిగా ఉండగానే మళ్లీ స్టార్ట్ చేస్తే చాలా కార్లు కొత్తగా కొలవకుండా పాత అంకెనే పట్టుకుని కూర్చుంటాయి. పొద్దున 24 ఉన్నప్పుడు ఆపి, గంట తర్వాత 30లో తీస్తే ఇంకా 24 కనిపించడం ఇందువల్లే.

పరిష్కారం: చేయాల్సిందేమీ లేదు. పది నిమిషాలు ఆగకుండా నడిపినా సర్దుకోకపోతేనే కింది సమస్యలు చూడండి.

సమస్య: ఎంత వేగంగా వెళ్లినా 5 నుంచి 15 డిగ్రీలు ఎక్కువే

ఇది ముందువైపు చిన్న దెబ్బ తగిలిన తర్వాత, లేదా బంపర్ విప్పి బిగించిన తర్వాత మొదలైందా? అయితే అనుమానం అక్కర్లేదు. సెన్సర్ తన క్లిప్పులోంచి జారి, వైరుతో వేలాడుతూ కండెన్సర్‌కు ఆనుకుని ఉంటుంది. గ్రిల్ సందులోంచి టార్చ్ వేస్తే చాలాసార్లు కంటికే కనిపిస్తుంది: చిటికెన వేలి చివరంత నల్లటి ప్లాస్టిక్ ముక్క. దాన్ని అసలు క్లిప్పులో, గాలి నేరుగా తగిలేలా పెట్టండి. క్లిప్పు విరిగితే కేబుల్ టైతో బంపర్ బీమ్‌కు (బంపర్ వెనక ఉండే అడ్డ దూలం) ముందువైపు కట్టవచ్చు. టై సెన్సర్ మొనను కప్పకూడదు, లోహానికి ఆ మొన ఆనకూడదు.

సెన్సర్ చోటులోనే ఉంటే, రేడియేటర్ పక్కన గాలిని మళ్లించే ప్లాస్టిక్, రబ్బరు పలకలు చూడండి. బంపర్ పని చేసినవాళ్లు తరచూ వీటిని తిరిగి బిగించరు. అవి లేకపోతే వేడిగాలి చుట్టూ తిరిగి మళ్లీ ముందుకే వస్తుంది. పైగా ఏసీ చల్లదనమూ తగ్గుతుంది. గ్రిల్‌లో తర్వాత పెట్టించుకున్న లైటు, హారన్ సెన్సర్ ముందు గాలికి అడ్డం వచ్చినా ఇదే లక్షణం.

కూలింగ్ ఫ్యాన్ ఇంజిన్ ఆపినా దానంతటదే తిరగొచ్చు. బ్యాటరీ నెగటివ్ తీసేవరకు ఆ ప్రాంతంలో చేయి పెట్టకండి.

సమస్య: మైనస్ 40, లేదా అంకె బదులు గీతలు

కారణం: సర్క్యూట్ తెగింది. కనెక్టర్ ఊడింది, వైరు తెగింది, లేదా సెన్సర్ లోపల విరిగింది. కొన్ని కార్లలో సెన్సర్ సైడ్ మిర్రర్ అడుగున ఉంటుంది. వాటిలో తలుపుకూ బాడీకీ మధ్య ఉండే మడతల రబ్బరు గొట్టంలో వైర్లు విరుగుతాయి. తలుపు తెరిచి మూస్తుంటే అంకె వచ్చిపోతుంటే తప్పు అక్కడే. మిర్రర్ మార్చిన తర్వాత మొదలైతే, కొత్త మిర్రర్‌లో అసలు సెన్సర్ ఉందో లేదో చూడండి. సెన్సర్ లేని మిర్రర్ కూడా బయటికి అలాగే ఉంటుంది.

ఏసీ పనిచేయడం లేదని వచ్చే కార్లలో కొన్ని నిజానికి ఈ కేసులే. బయట గడ్డకట్టే చలి ఉందనుకుని మాడ్యూల్ కంప్రెసర్‌ను ఆన్ చేయనివ్వదు. గ్యాస్ నింపించుకునే ముందు మీటర్‌లో ఈ అంకె చూడటం మంచిది.

పరిష్కారం: తెగిన వైరును సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ గొట్టంతో (వేడి తగిలితే ముడుచుకుని వైరును పట్టేది) కప్పండి. తలుపు మడత దగ్గరైతే అదే చోట అతికితే మళ్లీ విరుగుతుంది. కొత్త ముక్క వేసి, అతుకు మడతకు అవతల పడేలా చూడండి.

సమస్య: అసాధ్యమైన వేడి, ఎప్పుడూ ఒకే అంకె

కారణం షార్ట్, అంటే కరెంటు సెన్సర్ గుండా కాకుండా అడ్డదారిన పోవడం. బంపర్ బీమ్ అంచుకు రాసుకుని పూత పోయిన వైరును వెతకండి. కనెక్టర్ ఊడదీయగానే అంకె అడుగుకు పడితే షార్ట్ సెన్సర్‌లోనే ఉంది. పడకపోతే వైరింగ్‌లో, అదీ కాకపోతే మాడ్యూల్‌లో.

సమస్య: కొన్ని డిగ్రీల తేడా, కానీ ఎప్పుడూ ఒకేలా ఉండదు

తప్పుదారి పట్టించేది ఇదే. మూలం కనెక్టర్ పిన్నుల మీది పచ్చటి చిలుము, లేదా లోపలికి చేరిన నీరు. రెండూ ఒకటి కావు.

చిలుము కరెంటు దారిలో అదనపు రెసిస్టెన్స్ కలుపుతుంది కాబట్టి అంకె తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ (ఓమ్ రెసిస్టెన్స్ కొలమానం) ఉండే సెన్సర్‌కు 40 డిగ్రీల ఎండలో సుమారు 5.5 కిలో ఓమ్సే ఉంటుంది. చిలుము 1 కిలో ఓమ్ కలిపితే దాదాపు 4 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. అదే 0 డిగ్రీల దగ్గర సెన్సర్‌దే 30 కిలో ఓమ్స్ దాకా ఉంటుంది, ఆ ఒక్క కిలో ఓమ్ డిగ్రీ తేడా కూడా తేదు. అంటే ఎండలో తప్పి, చలిలో సరిగ్గా చూపిస్తే చిలుము.

నీరు దీనికి పూర్తిగా తలకిందులు. రెండు పిన్నుల మధ్య కరెంటుకు దొంగదారి తెరిచి మొత్తం రెసిస్టెన్స్‌ను తగ్గిస్తుంది. అంకె పెరుగుతుంది, అదీ చలిలో ఎక్కువ. కారు కడిగాక లేదా వాన తర్వాత పెరిగి, ఎండాక సరైపోతే నీరే.

పరిష్కారం: కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరనిచ్చి, కొంచెం డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని, తేమను ఆపే గ్రీజు) రాయండి. రబ్బరు సీల్ చిరిగితే మార్చాలి. పిన్ను పొడిపొడిగా రాలుతుంటే శుభ్రం చేసి లాభం లేదు, కనెక్టర్‌నే మార్చండి.

సెన్సర్‌ను పరీక్షించడం

కనెక్టర్ తీసి, మల్టీమీటర్‌ను 200 కిలో ఓమ్స్ రేంజిలో పెట్టి సెన్సర్ రెండు కాళ్ల మధ్య కొలవండి. సరైన విలువలు మీ కారు సర్వీస్ మాన్యువల్‌లోని పట్టికలోనే చూడాలి. 10 కిలో ఓమ్స్ రకం మామూలే కానీ అన్ని కార్లలోనూ అది ఉండదు. తర్వాత గ్లాసులో నలగ్గొట్టిన ఐసు, కొద్దిగా నీళ్లు కలిపి, సెన్సర్‌ను పలచటి పాలిథిన్ సంచిలో చుట్టి 10 నిమిషాలు ముంచండి. 10 కిలో ఓమ్స్ రకమైతే ఇప్పుడు దాదాపు 29 నుంచి 34 కిలో ఓమ్స్ రావాలి. బయటికి తీసి పిడికిట్లో పట్టుకుంటే విలువ కుదుపుల్లేకుండా జారుతూ రావాలి. మధ్యలో ఎగిరి దూకితే సెన్సర్ పాడైంది.

సెన్సర్ బాగుంటే, బ్యాటరీ తీసి ఉంటే మళ్లీ తగిలించి, చేయి ఫ్యాన్‌కు దూరంగా ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఊడిన కనెక్టర్ పిన్నుల మధ్య వోల్టేజ్ చూడండి. 5 వోల్టుల దగ్గర ఉంటే వైరింగ్, మాడ్యూల్ రెండూ బతికే ఉన్నాయి. ఏమీ లేకపోతే వైరు వెంట వెనక్కి వెళ్లాలి. ఎయిర్‌బ్యాగ్ ఢీ సెన్సర్ కూడా ఆ దగ్గర్లోనే రెండు వైర్లతో ఉంటుంది, తరచూ పసుపు కనెక్టర్‌తో. దానికి మల్టీమీటర్ తగిలించకండి.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించి విలువలు, లోపాల కోడ్‌లు చదివే పరికరం) ఉంటే విప్పకుండానే చాలా తెలుస్తుంది. రాత్రంతా నిలిచిన కారులో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా బయటి గాలి, ఇన్‌టేక్ గాలి (ఇంజిన్ పీల్చే గాలి), కూలెంట్ ఉష్ణోగ్రతలు మూడూ చూడండి. మూడూ దాదాపు ఒకేలా ఉండాలి. బయటి గాలి ఒక్కటే దూరంగా ఉంటే లోపం దానిదే. పీ0072 కోడ్ సిగ్నల్ తక్కువని, పీ0073 ఎక్కువని, పీ0074 వచ్చిపోతోందని చెబుతాయి. ఇక్కడ ఎక్కువ, తక్కువ అనేవి వోల్టేజ్ గురించి. వైరు తెగితే వోల్టేజ్ 5 దగ్గరే మిగిలిపోతుంది కాబట్టి, మీటర్‌లో మైనస్ 40 కనిపిస్తున్నా వచ్చే కోడ్ పీ0073.

మరమ్మతు అయ్యాక కూడా పాత అంకె కదలకపోతే

వెంటనే మళ్లీ విప్పకండి. అది ముందు చెప్పిన సాఫ్ట్‌వేర్ అడ్డు. స్కానర్‌లో లైవ్ విలువ (సెన్సర్ ఆ క్షణంలో కొలుస్తున్నది) సరిగ్గా ఉండి మీటర్‌లో మాత్రం పాతదే ఉంటే, కోడ్‌లు చెరిపి, కారును ఆగకుండా పది నిమిషాలు నడపండి. అప్పటికీ మారకపోతే ఇంజిన్ పూర్తిగా చల్లారేలా రాత్రంతా వదిలి పొద్దున చూడండి. లైవ్ విలువే తప్పుగా ఉంటే మాత్రం కొత్త సెన్సర్ పార్ట్ నంబర్ సరిచూడండి. కనెక్టర్ సరిగ్గా పట్టినా లోపలి థర్మిస్టర్ వేరే రకం కావచ్చు.